డాబా బాగుంటేనే ధీమా!

తొలకరి కురిసింది. ఊరంతా చల్లబడింది. మెయిన్‌రోడ్డు మీది బట్టల దుకాణంలో మాత్రం హడావుడి మొదలైంది. పై అంతస్తులో పట్టుచీరల బీరువా మీద టప్‌... టప్‌మని చుక్కలు. కుర్రాళ్లు బకెట్లు పెడుతున్నారు, ప్లాస్టిక్‌ పట్టాలు కప్పుతున్నారు. 'పోయినేడే కదా పైన మందు కొట్టించాం!' అంటూ యజమాని తల పట్టుకున్నాడు.

ఆ పక్క వీధిలోనే ఓ నర్సింగ్‌హోం. దాని గోడు ఇంకోలా ఉంటుంది. వానాకాలం బాగానే గడుస్తుంది. ఏప్రిల్‌ వచ్చిందంటే పై అంతస్తు వార్డులో మంచం ఇస్తామన్నా రోగులు వద్దంటారు. రాత్రి పది దాటినా కప్పు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే వేడిగాలి. ఏసీ వేస్తే నెల తిరిగేసరికి కరెంటు బిల్లు చూసి గుండె గుభేలు.

ఇలాంటి దుకాణాలూ ఆసుపత్రులూ లేని ఊరు ఉండదు. ఇద్దరి కష్టానికీ మూలం ఒక్కటే... నెత్తిమీది డాబా. ఇల్లు కట్టినా, షాపింగ్‌ కాంప్లెక్సు కట్టినా గుమ్మం కలపకీ, నేల మీద టైల్సుకీ, గోడ రంగుకీ పది దుకాణాలు తిరుగుతాం. డాబా దగ్గరికొచ్చేసరికి 'మేస్త్రీ, నువ్వే ఏదో ఒకటి వేసెయ్‌' అనేస్తాం. అక్కడే తప్పు జరుగుతుంది. ఎందుకంటే కట్టడంలో ఎండావానల్ని అందరికంటే ముందు కాచుకునేది అదే.

మార్కెట్లోకి వెళితే ఇటుకముక్కల కాంక్రీటు నుంచి డాంబరు షీట్ల దాకా, అక్రిలిక్‌ పూతల నుంచి పఫ్‌ ప్యానెళ్ల దాకా ఎన్నో రకాలు. అమ్మే ప్రతివాడూ తనదే గొప్ప అంటాడు. మరి ఏది దేనికి పనికొస్తుంది? ఏది ఎక్కడ పనికిరాదు?

మూడు పరీక్షలు

డాబా మీద ఏం వేయాలో తేల్చేముందు అది ఎదుర్కోవాల్సిన పరీక్షలేంటో తెలియాలి. అవి మూడు. నీళ్లు, ఎండ, బరువు. వీటన్నిట్లోనూ నూటికి నూరు మార్కులు తెచ్చుకునే పదార్థం ఒక్కటీ లేదు. అన్ని చిక్కులకీ అసలు కారణం అదే.

మొదట నీళ్ల సంగతి. పెంకుటిల్లు మీద పడిన చినుకు ఆగదు, జారిపోతుంది. డాబా అలా కాదు. చూడటానికి చదునుగా ఉన్నా దానికీ వాలు ఉండాలి. పది అడుగుల దూరానికి అంగుళంన్నర నుంచి రెండంగుళాల వాలు ఉంటేనే నీళ్లు తూముల వైపు నడుస్తాయి. ఆ వాలు లేకపోతే ఎంత ఖరీదైన మందు పూసినా దాని మీద మడుగు కట్టక మానదు.

2020 అక్టోబరు 13న హైదరాబాద్‌ని ముంచెత్తిన వాన గుర్తుండే ఉంటుంది. బేగంపేటలో ఒక్కరోజులోనే సుమారు 19 సెంటీమీటర్లు నమోదైంది. ఆ లెక్కన వెయ్యి చదరపుటడుగుల డాబా మీద పడిన నీరు 17 వేల లీటర్ల పైమాటే. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడింటిని ఖాళీ చేసినా ఇంకా మిగులుతుందన్నమాట! తూము నోట్లో ఓ ప్లాస్టిక్‌ సంచీ ఇరుక్కుంటే చాలు... ఆ నీరంతా డాబా మీదే. అంగుళం మందాన నిలిచిన నీరే ఆ వెయ్యి చదరపుటడుగుల మీద రెండు టన్నులకు మించి బరువు.

నీరు చుక్కగా కిందికి కారితే మనకి కనిపిస్తుంది. కనిపించకుండా జరిగే నష్టం అంతకన్నా ఎక్కువ. సన్నటి పగుళ్లలోంచి చెమ్మ దిగి స్లాబులోని ఇనుప చువ్వను చేరుతుంది. చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ముందున్నదానికన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. అలా ఉబ్బి తన చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. మనం 'పెచ్చులూడుతున్నాయి' అనేది దీన్నే. బడిలోనో, ఆసుపత్రిలోనో పిల్లల తలమీదో రోగుల మంచం మీదో పడే పెచ్చు వెనక ఏళ్ల తరబడి పట్టించుకోని చెమ్మ ఉంటుంది. కాబట్టి కారే డాబా అంటే బకెట్టు పెట్టి సర్దుకునే చిరాకు కాదు, అది ప్రాణాలతో చెలగాటం.

పెద్దల మిద్దెలు

స్లాబులు రాకముందు మనవాళ్లకి చదును కప్పులు తెలియవా అంటే భేషుగ్గా తెలుసు. రాయలసీమ మట్టిమిద్దెలే అందుకు సాక్ష్యం. దూలాల మీద బండలో కట్టెలో పరిచి, ఆపైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు మట్టి వేసేవారు. పొలంలో పంటకు పనికిరాని ఆ చౌడే మిద్దె మీద రక్షణ కవచం. తడిస్తే దాని రేణువులు సాగి సందులు మూసుకుపోతాయి. నీరు కిందికి దిగదు. వానలకు ముందు ఏటా కొత్త చౌడు చల్లుకుంటే చాలు. వర్షాలు తక్కువగా ఉండే ఆ సీమకు అతికినట్టు సరిపోయింది.

ఇక పాత బంగళాల్లో, కచేరీల్లో కనిపించేది మద్రాసు టెర్రస్‌. టేకు వాసాల మీద ఇటుకలను సున్నంతో నిలువుగా పేర్చి, దాని మీద ఇటుకముక్కలు, సున్నం కలిపిన పొర పోసేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు చల్లుతూ కూలీలు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. కొట్టిన చెక్క తిరిగి ఎగిరేంత గట్టిపడ్డాకే పని పూర్తయినట్టు. అలా కట్టిన డాబాలు ఇప్పటికీ నిలిచున్నాయంటే ఆ సున్నం ఒక్కటే కారణం కాదు, ఆ ఓపిక కూడా.

ఈ రెంటిలోనూ గమనించాల్సింది ఒకటుంది. ఒక పొర బరువు మోసేది, ఇంకో పొర నీటిని ఆపేది, మరో పొర వేడిని ఆలస్యం చేసేది. ఎవరి పని వారిదే. ఇప్పుడు మనం కాంక్రీటు స్లాబు పోసి అన్ని పనులూ దాని నెత్తినే పెడుతున్నాం. స్లాబు బరువు మొయ్యడంలో ఘనాపాఠీయే. నీళ్లూ ఎండల విషయంలో మాత్రం దానికి తోడు కావాలి.

కోబా: నమ్మకమైనదే... బరువు సంగతి?

ఆ పాత సున్నం పొరకి ఈనాటి వారసుడు ఇటుకముక్కల కోబా. వెదరింగ్‌ కోర్సు అన్నా దాదాపు ఇదే. స్లాబు మీద ఇటుకముక్కలు, సిమెంటు లేదా సున్నం కలిపి వాలుగా పరుస్తారు. పైన నున్నగా పూత పూస్తారు లేదా టైల్స్‌ వేస్తారు.

దీనివల్ల లాభాలు మూడు. వాలు ఇందులోనే వచ్చేస్తుంది. ఎండ నేరుగా స్లాబుకు తగలదు. పైన తిరిగినా, బట్టలు ఆరేసుకున్నా, వడియాలు పెట్టుకున్నా చెక్కు చెదరదు. బాగా వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది.

చిక్కల్లా బరువే. నాలుగంగుళాల మందాన వేస్తే చదరపుటడుగుకు సుమారు 17 కిలోలు. వెయ్యి చదరపుటడుగుల డాబా మీద 17 టన్నులు. అయిదంగుళాల స్లాబు బరువే 29 టన్నులుంటుంది. అంటే స్లాబులో సగానికి పైగా బరువును దాని నెత్తిన పెడుతున్నట్టు. కొత్తగా కట్టేటప్పుడు ఇంజినీరు ఈ లెక్క చూసుకుని చువ్వలు వేస్తాడు కాబట్టి భయం లేదు.

ప్రమాదం ఎక్కడంటే... పాత కోబా కారుతోందని దాని మీదే కొత్తది పోయించడంలో. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు భారత ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. చదరపుటడుగుకు చూస్తే 14 కిలోలే. రెండోసారి పోసిన కోబా ఒక్కటే దాన్ని దాటేస్తుంది. అందుకే పాతదాన్ని పూర్తిగా తీయించాకే కొత్తది వేయించాలి. కూలి ఖర్చు ఎక్కువైనా సరే.

కోబాకి ఇంకో గుణం ఉంది. ఎక్కడో పగిలితే ఇంకెక్కడో కారుతుంది. నీరు పొరలోపల ప్రయాణం చేసి, స్లాబులో బలహీనమైన చోట దిగుతుంది. కారుతున్న చోటుకి సరిగ్గా పైన తవ్వి మూస్తే సమస్య తీరదు.

డాంబరు షీటు: పలచన... గట్టిది

పెద్ద షాపింగ్‌ కాంప్లెక్సులు, హోటళ్లు, ఆసుపత్రుల డాబాల మీద ఎక్కువగా కనిపించేవి ఏపీపీ షీట్లు. డాంబరులో ప్లాస్టిక్‌ గుణం ఉన్న పాలిమర్‌ కలిపి, మధ్యలో పాలిస్టర్‌ లేదా గాజునార పెట్టి చుట్టలుగా తయారుచేస్తారు. గ్యాసుమంటతో అడుగు భాగాన్ని కరిగిస్తూ స్లాబుకు అంటిస్తారు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందమే కాబట్టి వెయ్యి చదరపుటడుగులకు బరువు 400 కిలోల లోపే. కోబా 17 టన్నులతో పోలిస్తే ఇదెంత!

స్లాబు ఎండకు సాగి, చలికి ముడుచుకుంటుంది. షీటు కూడా దాంతోపాటు కొంత సాగుతుంది. నీటిని ఆపడంలో దీనికి మంచి పేరుంది. అయితే రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, అంటించేటప్పుడు స్లాబు పూర్తిగా ఎండి ఉండాలి. చెమ్మ మీద అంటిస్తే లోపలి తడి ఆవిరై షీటు బుడగల్లా లేస్తుంది. రెండు, షీటు మీద షీటు ఎక్కే అతుకులు, పిట్టగోడ మొదలు, తూము నోరు... ఈ మూడు చోట్లా పనితనం చూడాలి. షీటు మధ్యలో చిల్లి పడటం అరుదు, దెబ్బతినేది అంచుల్లోనే.

దీనికి పెద్ద శత్రువు ఎండే. నల్లటి డాంబరు ఎండలో ఎండిపోయి పెళుసుబారుతుంది. అందుకే పైన సన్నరాళ్లు అద్దినవో, రేకుపొర ఉన్నవో వాడతారు. లేదా పైన సిమెంటు పొర, టైల్స్‌ వేసి కాపాడతారు. నల్లగా వదిలేస్తే మాత్రం కింది అంతస్తులో ఉన్నవాళ్లకి నరకమే. ఎందుకో తర్వాత చూద్దాం.

పూతలు: చౌకే... పదేపదే వేయాలి

డబ్బాలో వచ్చి బ్రష్షుతో పూసేవి మూడో రకం. బట్టల దుకాణం యజమాని 'మందు' అన్నది దీన్నే. ఇందులో సిమెంటుతో కలిపి పూసేవి, అక్రిలిక్‌వి, పాలీయురేథేన్‌వి... ఇలా చాలా ఉన్నాయి. అతుకులుండవు. మూలల్లో, పైపుల చుట్టూ, గుండ్రటి చోట్ల సులువుగా పూయొచ్చు. బరువు లేనట్టే.

అక్రిలిక్‌ పూత తక్కువ ధరలో దొరుకుతుంది. తెల్లరంగులో వస్తుంది కాబట్టి వేడి కూడా తగ్గిస్తుంది. కానీ నీళ్లు నిలిచే చోట ఎక్కువ కాలం నిలవదు. నానీ నానీ పొరలుగా లేచిపోతుంది. వాలు సరిగ్గా ఉన్న డాబాకే ఇది పనికొస్తుంది. పాలీయురేథేన్‌ పూత నిలవ నీటిని బాగా తట్టుకుంటుంది, రబ్బరులా సాగుతుంది. ధర మాత్రం ఎక్కువ.

పూతల్లో మోసం జరిగేది మందంలో. కంపెనీవాళ్లు చెప్పినంత సరుకు వాడకుండా నీళ్లు కలిపి పలచగా పూస్తే పైకి తేడా తెలియదు. ఒకటి రెండు వేసవులకే పొట్టు లేస్తుంది. ఎన్ని చదరపుటడుగులకు ఎన్ని లీటర్లు కావాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ లెక్కన డబ్బాలు వచ్చాయా లేదా అని చూసుకుంటే చాలు. ఖాళీ డబ్బాలు లెక్కపెట్టి మరీ డబ్బులివ్వండి!

రేకులు: తొందరగా తేలేది... గాలికి లేచేది

గోదాములు, కర్మాగారాలు, ఫంక్షన్‌హాళ్లలో స్లాబు బదులు రేకులు వేస్తారు. కారే డాబా మీద రేకుల షెడ్డు వేసేవాళ్లూ ఉన్నారు. పని రోజుల్లో అయిపోతుంది. బరువు తక్కువ.

ఒకప్పుడు ఎక్కడ చూసినా సిమెంటు రేకులే. వాటిలో ఉండే ఆస్‌బెస్టాస్‌ నార అన్ని రకాలూ క్యాన్సర్‌ కారకమేనని ప్రపంచ ఆరోగ్యసంస్థ తేల్చింది. అరవైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. ఉన్న రేకులు కదలకుండా ఉన్నంతకాలం ముప్పు తక్కువే. వాటిని కోసినప్పుడు, తొలిచినప్పుడు, విరగ్గొట్టినప్పుడు లేచే దుమ్ముతోనే అసలు ప్రమాదం. పాతవి తీయించాల్సి వస్తే నీళ్లతో తడిపి, పగలకుండా దించాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

ఇప్పుడు ఎక్కువగా వాడేవి గాల్వాల్యూమ్‌ రేకులు. ఉక్కు రేకు మీద 55 శాతం అల్యూమినియం, దాదాపు 43.5 శాతం జింకు, కాస్త సిలికాన్‌ కలిపిన పూత ఉంటుంది. వట్టి జింకు పూత రేకులకన్నా తుప్పును బాగా తట్టుకుంటాయి. పైన రంగు కూడా వేసి అమ్ముతారు. అయితే ఒంటి రేకు కింద ఎండాకాలం కూర్చోవడం ఎవరితరమూ కాదు. వాన పడితే ఫోను మాట వినిపించదు.

దానికి జవాబే పఫ్‌ ప్యానెల్‌. రెండు రేకుల మధ్య నురగలాంటి పాలీయురేథేన్‌ నింపుతారు. రెండంగుళాల పఫ్‌ వేడిని ఎంత ఆపుతుందో, అంతే ఆపాలంటే కాంక్రీటు సుమారు పది అడుగుల మందం ఉండాలి! శీతల గిడ్డంగులకు దీన్ని వాడేది అందుకే. కానీ ఆ నురగ మండుతుంది. జనం ఎక్కువగా వచ్చే చోట మంటలంటుకోని రాక్‌వూల్‌ నింపిన ప్యానెళ్లు మేలు.

రేకుల బలహీనత ఏంటో విశాఖవాసులకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను తీరం దాటినప్పుడు షెడ్ల రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి. విమానాశ్రయం టెర్మినల్‌ పైకప్పే దెబ్బతింది. గాలి రేకును కిందికి నొక్కుతుందనుకుంటాం. నిజానికి పైకి పీలుస్తుంది. ఆ పీల్చే బలం మధ్యలోకన్నా అంచుల్లో, మూలల్లో ఎక్కువ. అందుకే కోస్తా జిల్లాల్లో రేకులు వేయించేవాళ్లు అంచుల దగ్గర మరలు దగ్గరదగ్గరగా బిగించమని పట్టుబట్టాలి. మరల కింద ఉండే రబ్బరు వాషర్లు ఎండకు చీలిపోతాయి. రెండు మూడేళ్లకోసారి చూసి మార్చుకోవాలి. డాబా మీద షెడ్డు వేసేముందు మున్సిపాలిటీలో అనుమతి సంగతి కూడా కనుక్కోవడం మంచిది.

తెలుపు చేసే మేలు

ఇక ఎండ సంగతి. నల్లటి డాంబరు ఉపరితలం తనమీద పడిన ఎండలో 5 శాతాన్నే వెనక్కి పంపుతుంది. మిగతాదంతా తాగేస్తుంది. మామూలు కాంక్రీటు పావు నుంచి మూడోవంతు దాకా తిప్పికొడుతుంది. కొత్త తెల్లపూత దాదాపు 80 శాతం తిప్పికొడుతుంది. మధ్యాహ్నం స్లాబు తాగిన వేడి నెమ్మదిగా కిందికి దిగి సాయంత్రానికి గదిలోకి వస్తుంది. నర్సింగ్‌హోంలో రాత్రి పదింటికి తగిలే సెగ మధ్యాహ్నపు ఎండేనన్నమాట.

మెరిసే రేకు వేస్తే సరిపోతుందిగా అనిపించొచ్చు. అది ఎండను బాగానే తిప్పికొడుతుంది. కానీ పట్టిన కాస్త వేడిని బయటికి వదలదు. ఎండలో ఉన్న స్టీలు గిన్నెను ముట్టుకుంటే చేయి చురుక్కుమనేది ఇందుకే. తెల్లపూత ఎండను తిప్పికొడుతుంది, పట్టిన వేడినీ వదిలేస్తుంది. అందుకే దానికే ఎక్కువ మార్కులు.

ఇవేవో ఎక్కడో విదేశాల్లో తేల్చిన లెక్కలు కావు. హైదరాబాద్‌ ప్రాంతంలోనే రెండు వాణిజ్య భవనాల డాబాల మీద అమెరికాకు చెందిన లారెన్స్‌ బర్కిలీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు కొలతలు తీశారు. 2012లో ఫలితాలు ప్రచురించారు. నల్లటి డాబాను తెల్లగా మారిస్తే ఏడాదికి చదరపు మీటరుకు 20 నుంచి 22 యూనిట్ల కరెంటు మిగిలింది. మామూలు కాంక్రీటు డాబాకు తెల్లపూత వేస్తే 13, 14 యూనిట్లు మిగులుతుందని అంచనా వేశారు. ఏసీలకయ్యే కరెంటులో ఇది 10 నుంచి 19 శాతం. వెయ్యి చదరపుటడుగుల డాబాకు లెక్కేస్తే ఏడాదికి 1200 యూనిట్ల పైమాటే.

ఏసీలు లేని ఇళ్ల సంగతీ చూశారు. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపలి వేడి సగటున రెండు డిగ్రీల దాకా తగ్గింది. ఈ అనుభవాలతోనే తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్‌రూఫ్‌ విధానం ప్రకటించింది. కొత్త ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు స్థలం ఎంతైనా సరే, ఇళ్లయితే 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టేవాటికి చల్లటి కప్పు తప్పనిసరి చేసింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇలాంటి కప్పులు ఉండాలన్నది లక్ష్యం.

తెలుపు కోసం పూతే వేయక్కర్లేదు. తెల్లటి టైల్స్‌ వేయొచ్చు. పింగాణీ టైల్స్‌ ముక్కలు అతికించొచ్చు. పేదవాడి మందు సున్నం ఉండనే ఉంది, కాకపోతే ఏటా వేసుకోవాలి. దుమ్ము పడితే తెలుపు గుణం తగ్గుతుంది. వేసవికి ముందు ఓసారి కడిగితే చాలావరకు తిరిగొస్తుంది. ఒక్కటి మాత్రం మరవొద్దు. సున్నం, చల్లదనానికి అమ్మే రంగులు అన్నీ నీటిని ఆపలేవు. కారే డాబాకి తెల్లరంగు వేస్తే కారే తెల్ల డాబా అవుతుందంతే!

చిల్లులు పొడిచేది మనమే

మంచి పొర వేయించుకున్న డాబాలు కూడా కారుతుంటాయి. కారణం వెతికితే చాలాసార్లు తేలేది... హోర్డింగు స్తంభాలకీ, ఏసీ యూనిట్ల స్టాండ్లకీ, డిష్‌లకీ కొట్టిన బోల్టులు. పదిహేనేళ్లు రావాల్సిన పొరకి పది నిమిషాల్లో చిల్లు పడుతుంది. డాబా మీద ఏది పెట్టాలన్నా ముందే దిమ్మెలు కట్టించి, వాటిని కూడా కలుపుకుని పొర వేయించుకుంటే ఆ బాధ ఉండదు.

సౌరఫలకాల విషయంలో ఇది మరీ ముఖ్యం. అవి పాతికేళ్లుంటాయి. వాటి కింద డాబా కారితే అన్నీ విప్పాలి. అందుకే ముందు డాబా బాగుచేయించి, తర్వాతే ఫలకాలు. మిద్దెతోట పెట్టాలనుకునేవాళ్లు బరువు గుర్తుంచుకోవాలి. నాలుగంగుళాల తడిమట్టి కూడా కోబాతో సమానమైన బరువే. కుండీలు పెడితే దూలాల మీదుగా, గోడల పక్కన పెట్టుకోవాలి.

అసలు లెక్క ఇదీ!

కొటేషన్‌లో చదరపుటడుగు ధర చూసి తక్కువకి చేసేవాళ్లకే పని ఇస్తాం. చూడాల్సింది ఏడాదికి ఎంత పడుతుందన్నది. లెక్క కోసం ఓ ఉదాహరణ అనుకుందాం. చదరపుటడుగుకు 40 రూపాయల పూత నాలుగేళ్లు వస్తే ఏడాదికి పది రూపాయలు. 100 రూపాయల పొర పదిహేనేళ్లు వస్తే ఏడాదికి ఏడు రూపాయల లోపే. తడిసిన సరుకు, ఊడిన పెచ్చులు, మూసిన వార్డు, పెరిగిన కరెంటు బిల్లు... వీటినీ కలిపితే 'చౌక' ఎంత ఖరీదో తెలుస్తుంది.

అలాగని అందరికీ ఖరీదైనదే అక్కర్లేదు. జనం తిరిగే ఇంటి డాబాకు కోబా, దానిమీద తెల్లటి టైల్స్‌ చక్కగా సరిపోతాయి. అదనపు బరువు మోయలేని పాత భవనానికి షీటో, పాలీయురేథేన్‌ పూతో మేలు. ఏసీ నడిచే దుకాణానికీ, ఆసుపత్రికీ నీటిని ఆపే పొర మీద తెల్లటి పొర ఉండాల్సిందే. గోదాముకి రేకులు చాలు, లోపల మనుషులు రోజంతా పనిచేస్తుంటే మాత్రం వేడిని ఆపే ప్యానెళ్లు కావాలి. ఏది వేసినా ముందు వాలు, తూములు. ఆ తర్వాతే పదార్థం.

పని అప్పజెప్పేముందు...

* తూములు మూసి, డాబా మీద నీళ్లు నిలిపి కనీసం ఒకరోజు, వీలైతే రెండ్రోజులు చూడమనండి. పొర వేశాక ఒకసారి, పైన టైల్స్‌ వేసేముందు ఒకసారి.

* పాత పొర తీయడం, పగుళ్లు నింపడం, వాలు సరిచేయడం కొటేషన్‌లో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ తక్కువ ధరకి అర్థం లేదు.

* పిట్టగోడ మొదట్లో పొరను అడుగు ఎత్తు దాకా పైకి తీసుకెళ్లమనండి. ఆ మూలను సిమెంటుతో గుండ్రంగా మలచాలి.

* గ్యారంటీ కాగితం మీద తీసుకోండి. ఇస్తున్నది కంపెనీయా, కాంట్రాక్టరా? 'నీళ్లు నిలిస్తే వర్తించదు' అని ఎక్కడైనా రాసి ఉందా?

* పెచ్చులూడి చువ్వలు బయటపడితే పైపూతలతో సరిపెట్టొద్దు. ముందు స్ట్రక్చరల్‌ ఇంజినీరుకు చూపించండి.

* ఫిబ్రవరి నుంచి మే మధ్యలో పని పూర్తిచేయించండి. తొలకరి పడ్డాక పరుగెత్తితే తడి స్లాబు మీద ఏదీ అంటదు.

ఇంట్లో అన్ని గదులూ రోజూ ఊడుస్తాం. డాబా ఎక్కేది సంక్రాంతికి గాలిపటాలు ఎగరేయడానికో, వేసవిలో వడియాలు పెట్టడానికో. ఈ ఆదివారం ఓసారి పైకెళ్లి చూడండి. తూము నోట్లో ఆకులు తీసెయ్యండి. ఎక్కడైనా తెల్లటి నీటిచార కనిపించిందా, అక్కడ మడుగు కడుతోందని అర్థం. పిట్టగోడ దగ్గర వేలు దూరే పగులుందా? మేస్త్రీని పిలవాల్సిన వేళ అదే... బకెట్లు వెతుక్కునే రోజు రాకముందే!